గాజులో నెమ్మదించిన కాంతి బయటికి రాగానే పాత వేగాన్ని ఎలా అందుకుంటుంది?

సందేహి:
శూన్యంలో కాంతి సెకనుకు 2,99,792 కిలోమీటర్ల వేగంతో పయనిస్తుందని, 1.5 వక్రీభవన గుణకం (శూన్యంలోని కాంతి వేగం పదార్థంలోని వేగానికి ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య) గల గాజులోకి ప్రవేశించగానే ఆ వేగం సుమారు 2,00,000 కిలోమీటర్లకు తగ్గుతుందని, గాజు రెండో ముఖం దాటగానే మళ్లీ మొదటి వేగంతోనే సాగుతుందని మనమందరం చదువుకున్నాం. వేగం తగ్గడాన్ని ఏదో విధంగా ఊహించుకోగలను. బయటికి వచ్చాక దాన్ని మళ్లీ ముందుకు తోసేది ఏమిటన్నదే నాకు అంతుపట్టడం లేదు. ఒకసారి వేగం కోల్పోయిన వస్తువేదీ తనంతట తాను దాన్ని తిరిగి పొందదు. అందుకు ఎక్కడి నుంచో శక్తి రావాలి. ఆ శక్తి గాజు నుంచి వస్తుందా? అలాగైతే కాంతి దాటిన ప్రతిసారీ గాజు కొంత చల్లబడాలి కదా? దీనికి తోడు కాంతి వేగం ఎప్పుడూ మారదని సాపేక్షతా సిద్ధాంతం చెబుతుండగా, గాజులో మారుతుందని ఎలా అంటున్నామో కూడా ఎవరైనా వివరంగా చెప్పగలరా?

గాజుపలక:
ఎక్కువగా వినిపించే వివరణ ఇది. కాంతి అంటే ఫోటాన్ల ప్రవాహం. ఫోటాన్ ఒక పరమాణువును చేరగానే ఆ పరమాణువు దాన్ని శోషించుకుని, క్షణకాలం తనలో ఉంచుకుని, తర్వాత విడుదల చేస్తుంది. పరమాణువుకూ పరమాణువుకూ మధ్య ఉన్నది శూన్యమే కాబట్టి అక్కడ ఫోటాన్ పూర్తి వేగంతోనే వెళుతుంది, ఆగిన సమయాలన్నీ కలిసి సగటు వేగం తగ్గినట్లు కనిపిస్తుంది. గాజు దాటాక ఆపే పరమాణువులు ఉండవు కనుక పాత వేగం దానంతట అదే వస్తుంది. ఈ వివరణతో సందేహి గారి రెండు ప్రశ్నలకూ సమాధానం దొరుకుతుందని నేను అనుకుంటున్నాను.

తరంగిణి:
గాజుపలక గారూ, మీరు చెప్పినది ఎన్నో చోట్ల కనిపించే మాటే గానీ, గాజులో జరిగేది అది కాదు. దీన్ని గట్టిగా ఖండించవలసిన అవసరం ఉందని నేను భావిస్తున్నాను, ఎందుకంటే ఈ వివరణను నమ్మినవారికి ఆ తర్వాత వక్రీభవనంలోని ఏ విషయమూ సరిగా బోధపడదు.

మొదటిది దిశ. ఫోటాన్‌ను నిజంగా శోషించుకుని ఉద్రిక్త స్థితికి, అంటే ఎక్కువ శక్తి గల స్థితికి చేరిన పరమాణువు, కొంతసేపటి తర్వాత దాన్ని ఏ దిశలోనైనా విడుదల చేయవచ్చు. అదే జరిగితే గాజు పలక పాలలా తెల్లగా, మసకగా కనిపించాలి గానీ, అవతలి అక్షరాలు స్పష్టంగా చదవగలిగేలా ఉండదు. రెండోది వర్ణం. పరమాణువులు శోషించుకునేవి తమ శక్తి స్థాయిల మధ్య తేడాకు సరిపోయే కొన్ని పౌనఃపున్యాలను మాత్రమే, కానీ గాజు ఎరుపు నుంచి ఊదా దాకా మొత్తం దృశ్యకాంతిని ఎక్కడా తెగకుండా నెమ్మదింపజేస్తుంది.

మూడోది కాలం, నా దృష్టిలో అన్నిటికంటే తిరుగులేని వాదం ఇదే. ఒక సెంటీమీటరు మందం గల గాజును దాటడానికి, అంతే దూరం శూన్యంలో వెళ్లడానికి పట్టే కాలం కంటే కాంతి అదనంగా తీసుకునేది సుమారు 17 పికోసెకన్లు, అంటే సెకనులో లక్ష కోట్లవ వంతుకు పదిహేడు రెట్లు. సోడియం పరమాణువు పసుపుపచ్చ కాంతిని శోషించుకున్న తర్వాత సగటున 16 నానోసెకన్లు ఉద్రిక్త స్థితిలో ఉంటుంది, అది దాదాపు వెయ్యి రెట్లు ఎక్కువ. ఆ లెక్కన సెంటీమీటరు గాజులోని కోట్లాది పరమాణు పొరల్లో ఒక్కచోట, ఒక్కసారి శోషణ జరిగినా కొలిచిన ఆలస్యానికి ఎన్నో రెట్లు మించిపోతుంది.

అసలు కాంతి తరంగం పరమాణువులను ఒక్కొక్కటిగా కలుసుకోదు. గాజులో 400 నానోమీటర్లుండే ఒక తరంగదైర్ఘ్యం పొడవునా వెయ్యికి మించిన పరమాణువులు వరుసగా ఉంటాయి, అవన్నీ ఒకే తరంగానికి ఒకేసారి స్పందిస్తాయి.

గాజుపలక:
తరంగిణి గారూ, ఈ మూడు అభ్యంతరాలూ బలమైనవే, ముఖ్యంగా కాలానికి సంబంధించినది. అయితే శోషణ లేకుండా పరమాణువులు "స్పందించడం" అంటే ఏమిటో, ఆ స్పందన వల్ల ఆలస్యం ఎలా పుడుతుందో కూడా మీరే చెబితే బాగుంటుంది.

తరంగిణి:
ఇక్కడ కొంచెం ఓపికగా చదవవలసి ఉంటుంది. కాగితం కంటే ఎంతో పలుచని, కొద్ది పరమాణువుల మందం మాత్రమే ఉన్న ఒక గాజు పొరను తీసుకుందాం. శూన్యం నుంచి వచ్చే కాంతి తరంగంలోని విద్యుత్ క్షేత్రం ఆ పొరలోని ఎలక్ట్రాన్లను అటూ ఇటూ ఊపుతుంది. ఎలక్ట్రాన్లు పరమాణువులకు స్ప్రింగుతో బంధించినట్లుగా కట్టుబడి ఉంటాయి, వాటికి తమదైన సహజ పౌనఃపున్యం ఉంటుంది. గాజులో ఆ సహజ పౌనఃపున్యం అతినీలలోహిత ప్రాంతంలో ఉంది, అంటే దృశ్యకాంతి పౌనఃపున్యం కంటే ఎక్కువ. అలాంటప్పుడు ఎలక్ట్రాన్ స్థానభ్రంశం, దాన్ని ఊపే బలంతో పాటే, అదే దశలో సాగుతుంది.

ఊగుతున్న ఆవేశం తన వంతుగా ఒక విద్యుదయస్కాంత తరంగాన్ని వెలువరిస్తుంది. ఒక పొర నిండా ఎలక్ట్రాన్లు కలిసి ఊగినప్పుడు వెలువడే మొత్తం క్షేత్రం, వాటి స్థానాన్ని బట్టి కాక వాటి వేగాన్ని బట్టి, వేగానికి వ్యతిరేక గుర్తుతో ఉంటుంది. డోలనంలో స్థానానికీ వేగానికీ మధ్య దశలో పావు వంతు ఆవర్తనం తేడా ఉంటుందని మనకు తెలుసు. గుర్తులన్నీ సరిచూసుకుంటే తేలేదేమిటంటే, ఆ పొర వెలువరించే చిన్న తరంగం వచ్చిన తరంగం కంటే సరిగ్గా పావు ఆవర్తనం వెనుక ఉంటుంది. అసలు తరంగం ఎక్కడా ఆగకుండా, నెమ్మదించకుండా శూన్యంలోని వేగంతోనే పొరను దాటిపోతుంది. చిన్న తరంగం కూడా అదే వేగంతో వెళుతుంది. పొర దాటిన తర్వాత మనం చూసేది ఆ రెండింటి మొత్తాన్ని. ఒక పెద్ద కొసైన్ తరంగానికి, దానికంటే పావు ఆవర్తనం వెనుకనున్న చిన్న సైన్ తరంగాన్ని కలిపితే వచ్చేది, కంపన పరిమితి (తరంగపు ఎత్తు) దాదాపు మారకుండా శిఖరాలు కాస్త వెనక్కి జరిగిన ఒకే ఒక తరంగం. ఆ జరుగుబాటు అతి స్వల్పం. రెండో పొర కూడా అంతే వెనక్కి జరుపుతుంది, మూడోదీ అంతే. లోపలికి వెళ్లే కొద్దీ ఈ వెనుకబాటు దూరానికి అనుపాతంలో పేరుకుంటుంది. దూరానికి అనుపాతంలో వెనుకబడుతూ పోయే తరంగాన్నే మనం తక్కువ వేగంతో వెళ్లే తరంగం అంటాం.

దీన్ని సంపూర్ణ గణితంతో నిరూపించినవారు భౌతిక శాస్త్రవేత్తలు ఎవాల్డ్, ఊసేన్. 1910ల నాటి వారి ఫలితం ప్రకారం, పదార్థంలోని ఎలక్ట్రాన్లు వెలువరించే తరంగాల మొత్తంలో ఒక భాగం వచ్చిన తరంగాన్ని పూర్తిగా రద్దు చేస్తుంది, మిగిలిన భాగమే తగ్గిన వేగంతో సాగే తరంగంగా కనిపిస్తుంది. ఈ మార్పిడి గాజులో ఒక తరంగదైర్ఘ్యానికి లోపే పూర్తవుతుంది. గాలి పలుచనిది కనుక అక్కడ మిల్లీమీటరులో సుమారు మూడో వంతు దూరం పడుతుంది.

సాపేక్షత గురించిన సందేహం కూడా ఇక్కడే తీరుతుంది. పదార్థం లోపల ఉన్న ప్రతి చిన్న తరంగమూ శూన్యంలోని వేగంతోనే పయనిస్తుంది. తక్కువ వేగం వాటి మొత్తానికి మాత్రమే చెందినది.

పట్టకం:
తరంగిణి గారి వివరణకు సరిహద్దు దగ్గరి సంగతి ఒకటి జోడిస్తాను. గాజులోకి వెళ్లినప్పుడు మారేది తరంగదైర్ఘ్యం, పౌనఃపున్యం మారదు. సెకనుకు ఎన్ని శిఖరాలు సరిహద్దును చేరుతున్నాయో అన్నే అవతలికి పోవాలి. లేకపోతే శిఖరాలు సరిహద్దులో పోగుపడాలి లేదా శూన్యం నుంచి పుట్టుకురావాలి, రెండూ అసాధ్యమే. శూన్యంలో 600 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల నారింజ రంగు కాంతి 1.5 గుణకం గల గాజులో 400 నానోమీటర్లకు కుదించుకుపోతుంది, కానీ సెకనుకు ఐదు కోట్ల కోట్ల కంపనాలు, అంటే పది ఘాతం పధ్నాలుగుకు ఐదు రెట్లు, రెండు వైపులా ఒకటే. అందుకే నీటిలో మునిగి చూసినా ఎరుపు ఎరుపుగానే ఉంటుంది.

కిరణం వంగడానికీ ఇదే మూలం. కాంతి ఏటవాలుగా పడినప్పుడు సరిహద్దు తలం వెంబడి రెండు వైపుల శిఖరాలూ ఒకదానితో ఒకటి అతకాలి. లోపల శిఖరాలు దగ్గరదగ్గరగా ఉన్నాయి కాబట్టి తరంగం తన దిశను లంబం వైపు తిప్పుకుంటేనే ఆ అతుకు కుదురుతుంది. 45 డిగ్రీల పతన కోణంతో వచ్చిన కిరణం 1.5 గాజులో సుమారు 28 డిగ్రీల కోణంతో సాగుతుంది. స్నెల్ నియమంలోని సైన్ల నిష్పత్తి ఈ అతుకు షరతు నుంచే వస్తుంది, వేరే సూత్రమేదీ అక్కర్లేదు.

పౌనఃపున్యం మారదన్న మాటకు ఒక పరిమితి ఉంది. ఎలక్ట్రాన్ స్పందన క్షేత్రానికి అనుపాతంలో ఉన్నంతవరకే అది నిజం. 1961లో ఫ్రాంకెన్ బృందం రూబీ లేజరు కాంతిని క్వార్ట్జ్ స్ఫటికం గుండా పంపినప్పుడు, 694 నానోమీటర్ల ఎరుపు కాంతితో పాటు దానికి సరిగ్గా సగమైన 347 నానోమీటర్ల కాంతి కూడా అతి స్వల్పంగా బయటికి వచ్చింది. 1928లో రామన్ కనుగొన్న పరిక్షేపణంలోనూ కొంత కాంతి పౌనఃపున్యం మారుతుంది, అక్కడ అణువుల కంపనాలు శక్తిని ఇచ్చిపుచ్చుకుంటాయి. మామూలు వక్రీభవనం ఈ రెంటిలో దేనికీ చెందదు.

సందేహి:
ఇద్దరికీ ధన్యవాదాలు. పొరల వివరణ నాకు బాగా అర్థమైంది. అయితే శక్తి గురించిన నా మొదటి ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. అంకెలతో చూపించగలరా?

పట్టకం:
చూపించవచ్చు, లెక్క చాలా చిన్నది. కాంతి గాజుపై లంబంగా పడిందనుకుందాం. వచ్చిన తరంగం కంపన పరిమితిని 1 అనుకుంటే, 1.5 గుణకం గల గాజులోకి వెళ్లే తరంగం కంపన పరిమితి 2ను 2.5తో భాగిస్తే వచ్చే 0.8. వెనక్కి పరావర్తనం చెందేది 0.5ను 2.5తో భాగిస్తే వచ్చే 0.2, అది కూడా తలకిందులైన దశలో. ఒక చదరపు మీటరు గుండా సెకనుకు ప్రవహించే శక్తి, గుణకాన్ని కంపన పరిమితి వర్గంతో గుణించిన దానికి అనుపాతంలో ఉంటుంది. కాబట్టి లోపలికి వెళ్లేది 1.5 రెట్లు 0.64, అంటే 0.96. వెనక్కి పోయేది 0.04. రెండూ కలిపితే సరిగ్గా 1. కిటికీ అద్దంలో మన ముఖం మసకగా కనిపించేది ఆ నాలుగు శాతం వల్లనే.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. గాజులో శక్తి ప్రవాహం 0.96 ఉంది, కానీ అది శూన్యంలోని వేగంలో మూడింట రెండు వంతుల వేగంతోనే కదులుతోంది. అంటే గాజులో ఒక ఘనపు మీటరులో నిల్వ ఉన్న శక్తి, బయట వచ్చిన తరంగంలోని దాని కంటే 1.44 రెట్లు ఎక్కువగా ఉండాలి. వర్ణాన్ని బట్టి గుణకంలో వచ్చే చిన్న తేడాను ఇక్కడ వదిలేశాను. ఈ అదనపు శక్తిలో కొంత ఊగుతున్న ఎలక్ట్రాన్లలో ఉంది. నెమ్మదించడం అంటే శక్తిని కోల్పోవడం కాదు, అదే శక్తి మరింత ఒత్తుగా, మరింత నెమ్మదిగా ప్రవహించడం. రెండో ముఖం దగ్గర ఇదే లెక్క తిరగబడుతుంది. అక్కడ మళ్లీ నాలుగు శాతం వెనక్కి పోగా మిగిలిన శక్తి పలుచబడి వేగంగా సాగుతుంది. ఎవరూ ఎవరినీ తోయనవసరం లేదు, గాజు చల్లబడనవసరమూ లేదు. తరంగిణి గారి భాషలో చెప్పాలంటే, గాజు అయిపోయిన చోట వెనక్కి జరిపే పొరలు అయిపోయాయి, అంతే.

నీలికాంతి:
ఈ పొరల వివరణను ఒప్పుకుంటే ఒక వింత ఫలితాన్ని కూడా ఒప్పుకోవలసి వస్తుంది. ఎలక్ట్రాన్ సహజ పౌనఃపున్యం కంటే తక్కువ పౌనఃపున్యంతో ఊపినప్పుడు అది బలంతో పాటు కదులుతుందన్నారు. ఎక్కువ పౌనఃపున్యంతో ఊపితే వ్యతిరేక దశలో కదలాలి. దారానికి చిన్న బరువు కట్టి, దారం పై కొసను పట్టుకుని చేతిని నెమ్మదిగా అటూ ఇటూ కదిపితే బరువు చేతితో పాటే వస్తుంది. చేతిని గబగబా కదిపితే చేయి కుడికి వెళ్లినప్పుడు బరువు ఎడమకు వెళుతుంది. అప్పుడు పొర వెలువరించే చిన్న తరంగం గుర్తు మారి, మొత్తం తరంగపు శిఖరాలు వెనక్కి కాక ముందుకు జరగాలి. అంటే వక్రీభవన గుణకం 1 కంటే తక్కువ, శిఖరాల వేగం శూన్యంలో కాంతి వేగం కంటే ఎక్కువ అవుతాయి. ఇది నిజంగా జరుగుతుందా?

తరంగిణి:
నిజంగానే జరుగుతుంది. పొరల వివరణ సరైనదనడానికి నాకు అన్నిటికంటే బలమైన ఆధారంగా తోచేది ఇదే, ఎందుకంటే ఆగి ఆగి వెళ్లే ఫోటాన్ల కథ గుణకం 1 కంటే ఎలా తగ్గుతుందో ఎన్నటికీ చెప్పలేదు. ఆగడం వల్ల ఎవరూ ముందుగా చేరరు కదా.

ఎక్స్ కిరణాల పౌనఃపున్యం చాలా ఎలక్ట్రాన్ల సహజ పౌనఃపున్యాలను మించి ఉంటుంది. అందువల్ల వాటికి గాజు, లోహాల గుణకం 1 కంటే రవ్వంత తక్కువ. ఆ తేడా సాధారణంగా లక్షలో ఒక వంతు లేదా అంతకన్నా స్వల్పం. కాంతి నీటి నుంచి గాలిలోకి వచ్చేటప్పుడు సంపూర్ణాంతర పరావర్తనం జరిగినట్లే, ఎక్స్ కిరణాలు శూన్యం నుంచి లోహం మీద దాదాపు సమాంతరంగా పడినప్పుడు లోపలికి పోకుండా పూర్తిగా పరావర్తనం చెందుతాయి. 1999లో అంతరిక్షంలోకి పంపిన చంద్ర ఎక్స్ కిరణ టెలిస్కోపు దర్పణాలు అందుకే పళ్లెంలా కాక గొట్టాల్లా ఉంటాయి, కిరణాలు వాటి లోపలి గోడలను ఒరుసుకుంటూ వెళ్లి ఒకచోట కేంద్రీకృతమవుతాయి.

శిఖరాలు కాంతి కంటే వేగంగా వెళ్లినా సాపేక్షతకు భంగం రాదు. ఎడతెగకుండా ఒకే తీరున సాగే తరంగంలో ఏ సమాచారమూ ఉండదు. సమాచారం పంపాలంటే తరంగంలో ఒక మార్పు, ఒక స్పందం (పల్స్) ఉండాలి, ఆ స్పందం వెళ్లేది శిఖరాల వేగంతో కాదు, సమూహ వేగం అనే వేరే వేగంతో. భూమి పైన అయనోస్ఫియరు అనే ఎత్తైన వాతావరణ పొరలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు దీనికి మంచి ఉదాహరణ. జీపీఎస్ ఉపగ్రహాల సంకేతం ఆ పొర గుండా వచ్చేటప్పుడు, దానిలోని వాహక తరంగపు శిఖరాలు ముందుకు జరుగుతాయి, దానిపై మోసుకొచ్చే కోడ్ మాత్రం దాదాపు అంతే మేరకు ఆలస్యమవుతుంది. ఖచ్చితమైన స్థాన నిర్ణయం చేసే రిసీవర్లు ఈ రెంటినీ వ్యతిరేక గుర్తులతో లెక్కలోకి తీసుకోవలసిందే.

గాజుపలక:
అయితే ప్రతి చిన్న తరంగమూ పూర్తి వేగంతోనే వెళుతోంది, మొత్తం మాత్రమే నెమ్మదిగా కనిపిస్తోంది అంటే, గాజులో కాంతి నెమ్మదించడం ఒక భ్రమ అని చెప్పవచ్చా?

పట్టకం:
చెప్పకూడదు. కొలిచినది ఆ మొత్తాన్నే, మన కంటిని, పరికరాలను, ఎలక్ట్రాన్లను తాకేదీ ఆ మొత్తమే. కాంతి కణాలను పదార్థం ఆకర్షిస్తుంది కాబట్టి నీటిలో కాంతి వేగం పెరగాలని న్యూటన్ పక్షం వాదించింది. తరంగ సిద్ధాంతంతో హైగెన్స్ తగ్గాలని అన్నాడు. ఈ వివాదాన్ని తేల్చగల ప్రయోగాన్ని అరాగో 1838లో సూచించగా, ఫూకో 1850లో తిరిగే అద్దంతో దాన్ని చేసి, నీటిలో కాంతి గాలిలో కంటే నెమ్మదిగా వెళుతుందని చూపించాడు. నేటి ఆప్టికల్ ఫైబరులో ఒక కిలోమీటరు దాటడానికి స్పందానికి సుమారు 4.9 మైక్రోసెకన్లు పడుతుంది, శూన్యంలో అయితే 3.3 సరిపోయేవి. ఇక నీటిలో ఎలక్ట్రాన్ ఆ నీటిలోని కాంతి కంటే వేగంగా, అంటే శూన్యంలోని వేగంలో నాలుగింట మూడు వంతులకు మించి వెళ్లినప్పుడు, 1934లో చెరెంకోవ్ గమనించిన నీలి వెలుగు పుడుతుంది. భ్రమాత్మకమైన వేగాన్ని మించినందుకు నిజమైన వెలుగు రాదు.

నీలికాంతి:
వర్ణ విక్షేపణం, అంటే రంగును బట్టి గుణకం మారడం కూడా ఈ చిత్రంలోంచి నేరుగా వస్తుందని గమనించాను. నీలి కాంతి పౌనఃపున్యం గాజులోని ఎలక్ట్రాన్ల సహజ పౌనఃపున్యానికి ఎరుపు కంటే దగ్గరగా ఉంటుంది కనుక ఎలక్ట్రాన్లు ఎక్కువగా ఊగుతాయి, శిఖరాలు ఎక్కువ వెనక్కి జరుగుతాయి. కెమెరా కటకాల్లో వాడే సాధారణ క్రౌన్ గాజుకు 656 నానోమీటర్ల ఎరుపు దగ్గర గుణకం 1.514, 486 నానోమీటర్ల నీలి దగ్గర 1.522. పట్టకం రంగులను విడదీసేదీ, కటక తయారీదారులు రెండు రకాల గాజులను జతచేయవలసి వచ్చేదీ ఈ కొద్దిపాటి తేడా వల్లనే.

సందేహి:
చివరిగా ఒక్క ప్రశ్న. అప్పటిదాకా చీకటిగా ఉన్న గాజుపై కాంతిని హఠాత్తుగా వెలిగించామనుకుందాం. ఎలక్ట్రాన్లు ఇంకా ఊగడం మొదలుపెట్టలేదు కాబట్టి, ఆ కాంతి తొలి అంచు ఏ వేగంతో వెళుతుంది?

తరంగిణి:
శూన్యంలోని వేగంతోనే వెళుతుంది. ఈ ప్రశ్నను భౌతిక శాస్త్రవేత్తలు సోమర్‌ఫెల్డ్, బ్రిలువాన్ 1914లో లెక్కగట్టారు. ఎలక్ట్రాన్‌కు ద్రవ్యరాశి ఉంది, బలం తగిలిన ఆ క్షణంలోనే అది వేగం అందుకోలేదు, అందువల్ల తొలి అంచుకు ఎదురుగా కలవడానికి చిన్న తరంగాలేవీ ఉండవు. ఆ అంచు గాజు అక్కడ లేనట్లే దాటిపోతుంది. దాని వెనుక మొదట అతి బలహీనమైన, అతి వేగంగా కంపించే అలలు వస్తాయి, వాటిని పూర్వగాములు అంటారు. ఎలక్ట్రాన్లు క్రమంగా ఊపందుకుని వచ్చిన కాంతి లయలో స్థిరపడే కొద్దీ అసలు స్పందం సమూహ వేగంతో వెనుక నుంచి చేరుకుంటుంది. గుణకం 1 కంటే ఎక్కువైనా తక్కువైనా, పదార్థం ఏదైనా, తొలి అంచు వేగం మాత్రం సెకనుకు 29,97,92,458 మీటర్లే.